గుంట, గుండె, గాలిపంక (సటీకా తాత్పర్యము)

మూలము

గుంట చూసి కొనుము గుండెను, తరువాత
పీట చూడు వేడి పెరుగునూర,
గాలిపంక లేక కాలెడి గుండెకు
తగిన మందు లేదు తమిళనాట!

అవతారిక

పద్యం నాదే. ఎవరో అజ్ఞాతకవి రాశాడనీ, తాటాకుల్లో దొరికిందనీ చెబితే గౌరవం పెరిగేది. కానీ తాటాకుల్లో ప్రాసెసరు ఉందంటే వెంటనే నమ్మేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. అందుకని నిజమే చెప్పేస్తున్నాను.

మా మనవడు రాయవేలూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆదివారం గుడియాత్తం బస్సు దిగి, కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడంచేత్తో ఫోను చూపిస్తూ, "తాతా, గేమింగ్ పీసీ కట్టుకోవాలని ఉంది" అన్నాడు. కట్టుకోవడమేమిట్రా, కొనుక్కోవడం కదా అన్నాను. "కాదు తాతా, రెడీమేడ్ వద్దు. ముక్క ముక్క తెచ్చి మనమే బిగించాలి. ప్రాసెసరు, కూలరు, బోర్డు కుదిరితే చాలు, మిగతాది సులభం" అన్నాడు. ముక్కలు తెచ్చి బిగించడమంటే నాకు చులకన లేదు. ముప్పై ఏళ్లు తెలుగు మాస్టరుగా అదే చేశాను. 2006 చట్టంతో ఈ రాష్ట్రంలో బడిపిల్లలకు ఒక్కో తరగతిగా తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. నా తరగతి ఏటేటా పలచబడింది. ఉద్యోగం విరమించేనాటికి గదిలో ఎక్కువ వినపడింది నా గొంతే. టీక చెప్పడానికి మూలమూ, వినడానికి మనిషీ ఒకేసారి దొరికి చాలాకాలమైంది. అందుకని ఈ కేసు ఒప్పుకున్నాను.

మూలం గీత దాటనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మెదకు సీమవాడు, అంత నిగ్రహం ఆయనకు చెల్లింది. నాది పాత ఉత్తర ఆర్కాటు. నేనే ప్రతిజ్ఞా పట్టలేదు.

ప్రతిపదార్థము

గుంట చూసి = సాకెట్టును పరిశీలించి; గుండెను = ప్రాసెసరును; కొనుము = డబ్బిచ్చి తీసుకొనుము (బిల్లు అడుగుము); తరువాత = ఆ పిమ్మట; వేడి పెరుగునూర = ఉష్ణము హెచ్చు పట్టణమందు, అనగా గుడియాత్తములో; పీట = మదర్‌బోర్డును; చూడు = ఎంచుము; గాలిపంక లేక = కూలరు లేక, ఉండియు ఆనక; కాలెడి గుండెకు = ఉడికిపోవు ఆ ప్రాసెసరునకు; తమిళనాట = తమిళనాడున (చెన్నపట్నపు కంప్యూటరు బజారు రిచీ స్ట్రీటు సహితముగా); తగిన మందు లేదు = చికిత్స లేదు.

తాత్పర్యము

ఓ మనవడా! సాకెట్టు చూసి ప్రాసెసరు కొను. ఊరి ఎండ చూసి బోర్డు కొను. కూలరు సరిగ్గా బిగించు. లేకపోతే మా ఇంటికి తీసుకురాకు.

వ్యాకరణ విశేషములు

"పెరుగునూర" దగ్గర మనవడు ఆగాడు. "పెరుగు ఎందుకొచ్చింది తాతా, చల్లబరచడానికా?" అన్నాడు. ఇది తినే పెరుగు కాదు నాయనా, పెరిగే పెరుగు. పెరుగు + ఊర, నడుమ నుగాగమం. రెండు అచ్చులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నకారం వచ్చి కూర్చుంది. ప్రాసెసరుకూ కూలరుకూ మధ్య పేస్టు కూర్చున్నట్టే. ఈ పోలికకు మళ్లీ వస్తాను.

"చూచి" అనకుండా "చూసి" అన్నందుకు గ్రాంథికవాదులు కన్నెర్ర చేస్తారు. చేయనీ.

ఇక యతి. గుంకు గుం, పీకి పె, గాకు కా, తకు త. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి బిగియాలి, ఇంకెక్కడ బిగించినా ఆటవెలది ఊగుతుంది. కూలరుకూ ఇదే కట్టుబాటు. బోర్డు మీద నాలుగు రంధ్రాలుంటాయి, మరమేకులు వాటిలోనే దిగాలి. ఏఎండీ వారి ఏఎం4 పీటకు చేసిన కూలర్లు చాలావరకు ఏఎం5కీ పడతాయి. గకారానికి కకారం చెల్లినట్టు ఇది వర్గయతి. ఇంటెల్ వారు అలా కాదు. ఎల్‌జీఏ 1200లో రంధ్రాల మధ్య 75 మిల్లీమీటర్లుంటే ఎల్‌జీఏ 1700కు వచ్చేసరికి 78 చేశారు. మూడంటే మూడే మిల్లీమీటర్లు. పాత కూలరుకు కొత్త బిగింపు పట్టీలు దొరకలేదా, యతిభంగం.

"గుంట" శబ్ద విచారము

మూడు ముక్కలు పక్కపక్కన పెడితే యంత్రం కాదు, మూడు మాటలు పక్కపక్కన పెడితే వాక్యం కానట్టే. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు షరతులు పెట్టారు మన తార్కికులు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని ప్రతీతి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే వినేవాడికి ఏమీ తెలియదు. ఒక మాట ఇంకో మాటను కోరుకోవడం లేదు గనుక. ఆ కోరికే ఆకాంక్ష.

ప్రాసెసరు కోరేది గుంటను. ఏఎండీ ఏఎం5 గుంటలో 1718 పిన్నులు. ఇంటెల్ 12, 13, 14 తరాలకు 1700. ఆ తరవాత 2024లో వచ్చిన డెస్క్‌టాప్ కోర్ అల్ట్రాకు 1851. ఒకదానిది ఇంకోదానిలో దిగదు. దించుదామని బొటనవేలితో నొక్కితే పిన్ను వంగుతుంది, వంగిన పిన్నుకు వారంటీ రాదు. పాత ఏఎం4లో పిన్నులు ప్రాసెసరు అడుగున ఉండేవి, 1331. ఇప్పుడవి బోర్డు మీదికి మారాయి. కాబట్టి అజాగ్రత్తకు చెల్లించే జరిమానా కూడా ప్రాసెసరు నుంచి బోర్డుకు బదిలీ అయింది.

గుంట లేని గుండె ఎంత గొప్పదైనా పనిచేయదనడానికి మా ఊళ్లోనే దృష్టాంతం ఉంది. 1954 ఏప్రిల్లో కామరాజ్ మదరాసు ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికాయనకు శాసనసభలో సీటు లేదు. ఆరు నెలల్లో సీటు చూసుకోవాలని రాజ్యాంగం గడువు పెట్టింది. అంతటి ప్రాసెసరుకు సాకెట్టు ఇచ్చింది గుడియాత్తం. ఆ ఏడాదే ఉపఎన్నికలో ఇక్కణ్ణుంచి నెగ్గాడు. మనవడికి ఈ కథ చెబితే "ఆయనది ఏ జనరేషన్ తాతా?" అన్నాడు.

ఆకాంక్షలో ఇంకో మెలిక, ముందుచూపు. ఏఎం5 గుంటను 2027 దాకా, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ బహిరంగంగానే చెప్పింది. ఎల్‌జీఏ 1700 మూడు తరాలతో ముగిసింది. నాలుగేళ్ల తరవాత ప్రాసెసరు ఒక్కటే మార్చుకునే ఆశ ఉంటే ఏఎం5. ఆ ఆశ లేదు, చేతిలో డబ్బూ లేదు అంటే ఐ5 12400ఎఫ్ నేటికీ చెడ్డది కాదు.

ఆ "ఎఫ్" దగ్గర ఆగాలి.

"గుండె" శబ్ద విచారము

ప్రాసెసరును లోకం మెదడంటుంది. నేను గుండె అన్నాను. గుంటకు మెదడుతో యతి కుదరదు గనుక అవయవాన్ని మార్చాను. మార్చాక అదే బాగుందనిపించింది. మనిషి గుండె నిమిషానికి డెబ్బైరెండు సార్లు కొట్టుకుంటే రైజెన్ 5 7600 గుండె సెకనుకు 510 కోట్ల సార్ల దాకా కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ కొంచెం వేడి. కథంతా ఆ కొంచెంలోనే ఉంది.

ఈ గుండెల పేర్లలో అంకె ప్రకృతి, చివరి అక్షరం ప్రత్యయం. జనం అంకె చూసి కొంటారు, ప్రత్యయం చూడరు. ఇంటెల్ "కె" స్వేచ్ఛార్థకం, వేగం మనం పెంచుకోవచ్చు. ఏఎండీ "ఎక్స్" అతిశయార్థకం. "ఎక్స్ త్రీడీ" ఆ అతిశయానికి అతిశయం. "జి" మతుబర్థకం, లోపల బొమ్మలు గీసే శక్తి బాగానే కలదని. "ఎఫ్" నిషేధార్థకం, బొమ్మలు గీసే భాగం లేదని.

ఈ చివరిది నేను డబ్బిచ్చి నేర్చుకున్న సూత్రం. రెండేళ్ల కిందట టైపు చేసుకోవడానికి నాకో పెట్టె కావాలంటే, ఒక కొట్టువాడు 12400ఎఫ్ అంటగట్టాడు. ఎఫ్ అంటే ఏమయ్యా అని అడిగాను. "ఫాస్ట్ సార్" అన్నాడు. ఇంటికి తెచ్చి స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం అమావాస్య. మూడు రోజులు తీగలు మార్చి మార్చి చూశాను. రాజు లేని కోట, నీళ్లు లేని ఏరు, దేవుడు లేని గుడి అని వేలూరును ఆడిపోసుకునేవారు మా చిన్నప్పుడు. ఎఫ్ ప్రాసెసరు ఆ మూడోది. జలకంఠేశ్వరుడు 1981లో మళ్లీ కోటగుడికి వచ్చాడు. నేను గ్రాఫిక్స్ కార్డు కొనేదాకా నా దేవుడు రాలేదు. ఆటలకైతే ఎలాగూ కార్డు పెడతారు గనుక ఎఫ్‌లో తప్పు లేదు, డబ్బు కూడా కలిసొస్తుంది. పద్యాలు టైపు చేసే ముసలివాడికి అంటగట్టడమే తప్పు. 7600లో ఆ బొమ్మల భాగం చిన్నదైనా ఉంది. కార్డు చెడిపోయినా తెర వెలుగుతుంది.

ఎక్స్ త్రీడీ సంగతి కొంత రసవత్తరం. ప్రాసెసరు చదవాల్సిన సమాచారం ర్యామ్‌లో ఉంటుంది. అది మా బడి లైబ్రరీ లాంటిది, వెళ్లి తెచ్చుకోవాలి. మాటిమాటికీ కావలసింది క్యాష్‌లో పెట్టుకుంటుంది, అది తలగడ కింద నిఘంటువు. 7600కు ఆ తలగడ 32 మెగాబైట్లు. 2023లో వచ్చిన 7800ఎక్స్ త్రీడీకి 96. ఆటల్లో ఇదెంతో పనికొస్తుంది. కానీ ఆ అదనపు క్యాష్‌ను లెక్కలు చేసే కోర్లున్న చిప్పు నెత్తిన పేర్చారు, దుప్పటి కప్పినట్టు. వేడి పైకి రావడం కష్టమై, దాని హద్దు 89 డిగ్రీల దగ్గరే కట్టేశారు. 2024 నవంబరులో 9800ఎక్స్ త్రీడీ చేసినప్పుడు క్యాష్‌ను కిందికీ కోర్లను పైకీ మార్చారు. పూర్వపదం ఉత్తరపదమైంది, ఉత్తరపదం పూర్వపదమైంది. రెండు పదాల చోటు మార్చి సమాసాన్ని చల్లబరిచిన వాళ్లను మా పండితుల్లో నేను చూడలేదు.

మనవడికి అది కావాలి. దాని ఖరీదు అడిగి, 7600 అన్నాను. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పోస్తే ఆట ఎక్కువ బాగుంటుంది. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటల్లోనే ప్రాసెసరు ముందు అలిసిపోతుంది. బొమ్మలు బరువైన ఆటల్లో కార్డే ముందు అలిసిపోతుంది, ప్రాసెసరు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

"పీట" శబ్ద విచారము

యోగ్యత అంటే అర్థానికి అడ్డు లేకపోవడం. నిప్పుతో తడిపాడు అంటే వ్యాకరణం సరే, మాటలు ఒకదాన్నొకటి కోరుకుంటున్నాయి కూడా, కానీ నిప్పుకు తడిపే యోగ్యత లేదు. అగ్గిపెట్టెలు చేసే ఊరు గనుక నా పిల్లలకు ఈ ఉదాహరణ చప్పున ఎక్కేది.

గుంట కుదిరినంత మాత్రాన పీటకు యోగ్యత వచ్చేయదు. ఎల్‌జీఏ 1700 గుంట ఉన్న చౌక హెచ్610 బోర్డు మీద 14900కె కూర్చుంటుంది. కూర్చుంటుంది అంతే. అది తాగే కరెంటు 253 వాట్ల దాకా పోతుంది. ఇక్కడ బోర్డు చేసే పని తెలియాలి. పవర్ సప్లై 12 వోల్టులు పంపుతుంది. ప్రాసెసరు కోరేది ఒకటీ పాతిక వోల్టు. గుంట పక్కన వరసగా ఉండే చిన్న నల్ల ముక్కలు ఆ 12ను దించి ఇస్తాయి, మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు లాగా. మన 7600 నిండా పనిచేసినప్పుడు 88 వాట్లు తాగుతుంది. ఒకటీ పాతిక వోల్టు దగ్గర లెక్కేస్తే డెబ్బై ఆంపియర్లు. మా ఇంటి మెయిన్ స్విచ్చు 32 ఆంపియర్లది. బొటనవేలంత జాగాలో మా ఇంటికి రెండింతలు పారుతోందన్నమాట. ఆ నల్ల ముక్కల మీద అల్యూమినియం దిమ్మ, అంటే హీట్‌సింక్, ఉందా లేదా అన్నదే నేను బోర్డు పెట్టె మీద మొదట చూసేది. లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు ముందు కాలుతుంది, గుండె కాదు.

ఏ620, బీ650, ఎక్స్670 అని పీటల్లో అంతస్తులు. మన పనికి మధ్యది చాలు. మీదిది కొంటే వాడని సదుపాయాలకు కూడా 18 శాతం జీఎస్టీ కడతాం. ఇంకొకటి, ఏఎం5 పీటలన్నీ డీడీఆర్5 ర్యామ్‌కే. ఎల్‌జీఏ 1700 పీటల్లో రెండు రకాలున్నాయి, కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. ర్యామ్ పట్టీ అడుగున గాటు ఉండే చోటు వేరు, తప్పుది దిగదు. ఇది ఆకాంక్షా దోషం, కానీ మనవడు యోగ్యతలో రాసుకున్నాడు. సగం మార్కులిచ్చాను.

"వేడి పెరుగునూర"

ఈ ఒక్క విశేషణం కోసమే పద్యం రాశాను. వీడియోల్లో కూలరు పరీక్షలు చూస్తాం కదా, అవి చాలావరకు ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీల గదుల్లో చేస్తారు. కూలరు ప్రాసెసరు వేడిని గదిలోకి తోస్తుంది, అంతే, గదికన్నా చల్లగా దాన్ని చేయలేదు. ఒక ఆట ఆడేటప్పుడు ప్రాసెసరు గదికన్నా 45 డిగ్రీలు ఎక్కువ కాగుతుందనుకో. ఆ గదిలో అది 69. మే నెల కత్తిరి ఎండల్లో, ఏసీ లేని మా నడవలో 40 ఉంటే అదే 85. వైకాశి మొదట్లో మా గంగమ్మ జాతర జరిగేది సరిగ్గా ఆ ఎండల్లోనే. 7600కు హద్దు 95 డిగ్రీలు. హద్దు తగిలితే అది పేలిపోదు, తన వేగం తనే తగ్గించుకుంటుంది. కాలిపోయే దాకా రానివ్వదు. కానీ 510 కోట్లకు డబ్బిచ్చి, మధ్యాహ్నం మూడింటికి అంతకన్నా చాలా తక్కువ తీసుకోవడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టముండదు.

నీటి కూలరు పెడదాం తాతా, 240 ఎంఎం, రంగు లైట్లు కూడా ఉంటాయి అన్నాడు. 88 వాట్ల గుండెకు పంపు, గొట్టాలు, నీళ్లు ఎందుకురా? పంపు ఆగితే పెట్టె మొత్తం ఆగుతుంది. మా కౌండిన్య ఏటిలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. నీళ్ల మీద ఆధారపడే దేని గురించైనా ఈ ఊరివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

"గాలిపంక లేక"

7600 పెట్టెతో ఒక చిన్న కూలరు ఇస్తారు. బాక్స్ పీసు అయితేనే. ట్రే పీసు అని విడిగా అమ్మేదానికి కూలరు రాదు, వారంటీ కొట్టువాడి దయ. ఆ చిన్న కూలరు బెంగళూరుకు చాలు, గుడియాత్తానికి చాలదు. ఒక నిలువు దిమ్మ, దానిలోంచి నాలుగు రాగి గొట్టాలు, పక్కన 120 ఎంఎం ఫ్యాను, ఇది సరి. డీప్‌కూల్ ఏకె400 అలాంటిది, ఎత్తు 155 మిల్లీమీటర్లు. నాక్టువా ఎన్‌హెచ్ డీ15 కొంటే 165. క్యాబినెట్టు పక్క తలుపు మూతపడుతుందో లేదో స్కేలుతో కొలుచుకోవాలి.

మూడో షరతు సన్నిధి. పొద్దున "ఆవును" అని, మధ్యాహ్నం "తోలుకురా" అంటే వాక్యం కాదు. మాటల మధ్య ఎడం ఉండకూడదు. పోయిన మేలో మనవడి రూమ్మేటు తన పెట్టెను మా ఇంటికి మోసుకొచ్చాడు. అన్నీ మంచి సామాన్లే, కానీ ఆట మొదలెడితే నిమిషంలో 95 చూపించి కుంటుతోంది. నాలుగు మరమేకులు విప్పి కూలరును మెల్లిగా పక్కలకు తిప్పి లేపాను. ప్రాసెసరు మీద తెల్లని పేస్టు, నుదుట విభూతి పెట్టినట్టు శుభ్రంగా ఉంది. కూలరు అడుగు తిప్పి చూస్తే దాని మీద పలచని ప్లాస్టిక్ పొర, బిగించేముందు తీసేయమని దాని మీదే అచ్చు వేసి ఉంది. ఆ అక్షరాలను పేస్టు సగం మింగింది. గోటితో అంచు లేపి లాగితే చిరచిరమని ఊడింది. కింద రాగి అద్దంలా మెరిసింది, అందులో నా ముక్కు కనబడింది. పొడిగుడ్డతో తుడిచి, బఠాణి గింజంత కొత్త పేస్టు పెట్టి, మరమేకులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంతల్లో గాలి దాగుతుంది, గాలి వేడిని మోయదు, పేస్టు ఆ గుంతల్ని నింపుతుంది. నుగాగమం చేసేదీ ఆ పనే అని చెప్పాను. మళ్లీ ఆట పెడితే 76 దగ్గర ఆగింది. ఆ అబ్బాయి తమిళంలో నాకు దండం పెట్టాడు.

"తగిన మందు లేదు తమిళనాట"

ఇది అత్యుక్తి అని ఆక్షేపించవచ్చు. గుండె జబ్బుకు చిత్తూరు నుంచీ నెల్లూరు నుంచీ తెలుగువాళ్లు రైళ్లెక్కి కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతుంటే, తమిళనాట మందు లేదంటావా అని. ఈ గుండెకు లేదంటున్నాను. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్నిటికి వోల్టేజి ఎక్కువై అస్థిరత వచ్చిందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని బయోస్ సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. సవరణ ముందు ముందు చెడకుండా కాపాడుతుంది, అప్పటికే చెడినదాన్ని బాగుచేయదు. అవి పాత సరుకుగా దొరికితే బోర్డులో కొత్త బయోస్ ఉందో లేదో చూసుకోవాలి. బయోస్ అంటే గ్రంథపాఠం, తప్పు పాఠం మీద ఎంత మంచి టీక రాసినా తప్పే.

ఇతి గుడియాత్తపురవాసి విరచిత గుండె వ్యాఖ్యానము సమాప్తము.

ఇదంతా తెల్లకాగితాల మీద రాసి ఫొటోలు తీసి పంపాను. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. "చదివి పంపు తాతా" అన్నాడు. వాయిస్ మెసేజీలు పదకొండు పంపాను, పద్యం రెండుసార్లు రాగంతో. రెండింతల వేగంతో విన్నాడట, నా ఆటవెలది వాడి చెవిలో పరుగువెలది అయింది. అర్ధరాత్రి జవాబు వచ్చింది. "7600, బీ650, ఏకె400 ఓకే. కూలరుకు ఇంకో ఫ్యాను తగిలించొచ్చట, తగిలించనా?"

తగిలించమన్నాను.